ముయ్యికొచ్చిన కాలేజీ పిల్లలు

రాసేది నాకు అలవాటు లేదు. మా అమ్మగారూరు ఆంధ్రా అంచులో ఉండాది. ఆడ తెలుగు బడిలో అయిదో తరగతి దాకా పోయినాను, అంతే. పెండ్లయి పిక్కిలికి వచ్చినాక అంతా అరవమే. బస్సు బోర్డు అరవం, రేషన్ అంగడి అరవం. ఇంట్లో మాట్లాడేది తెలుగే, అయితే రాసే పని ఎవురికుండాది? అక్షరాలు మరిసిపోయింటాననుకుంటి. కూచుంటే ఒగొగటే వచ్చినాయి. తప్పులుంటే సర్దుకొని చదువుకోండి.

నేను చెప్పేది మా కోడలి కాలేజీ పాఠం కత. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తాది. ఆ పొద్దు నాకు అన్నం దిగలేదు.

కోడలు మా ఇంటికొచ్చేటప్పుడే ధర్మపురిలో డిగ్రీ చదవతా ఉన్నింది. కడుపైనాక నిలిపేసింది. బిడ్డ పుట్టి, బోర్లపడి, పాకేదానికి వచ్చినాక మళ్ళా పుస్తకాలు తీసింది. బిడ్డకు పాలిస్తానే చదివేది. పరీక్షలన్నీ రాసేసింది, అన్నిట్లో పాసయింది. ఒగటే మిగిలింది. దాని పేరు ఊరి సేవ పాఠం. అది పుస్తకంలో చదివి రాసేది కాదు. ఒగ ఊరికి పోవాల, ఆ జనానికి పనికొచ్చే పనేదన్నా చెయ్యాల, చేస్తా నేర్చుకోవాల, ఏమి నేర్చుకున్నారో కాలేజీలో వచ్చి చెప్పాల. అది లేకుంటే డిగ్రీ చేతికి రాదు.

కాలేజీ వాళ్ళు దానికి ఎంచుకున్న ఊరు సోగత్తూరు. టౌనుకు ఆనుకొని ఉండాది, వాళ్ళకు సులువు. వారంలో రెండు పూటలు, పొద్దున తొమ్మిదికంతా ఆడుండాల. పిక్కిలి నుంచి బస్సు పట్టి పెన్నాగరం పోయి, ఆడ ఇంకో బస్సు మారి, ధర్మపురిలో దిగి, మళ్ళా సోగత్తూరు. సంకలో బిడ్డ. మొదటి దినం పోయి వచ్చినాక బిడ్డకు జ్వరం, తల్లికి జ్వరం. రెండో దినం బస్సే రాలేదు.

నా కొడుకు హోసూరులో కంపెనీ పని చేస్తాడు, ఆదివారాలకు వస్తాడు. వాడు మెల్లగానే చెప్పినాడు. "ఈ ఏడు చూస్తాము. అవకుంటే పోనీలే. వచ్చే ఏడు మనం హోసూరికి పోయేది ఖాయం. అంతదూరం నుంచి ఈ పాఠానికి ఎవురు తిరగతారు?" గట్టిగా అనింటే నేను వాన్ని తిట్టేదాన్ని. మెల్లగా చెప్పినాడు, ఎట్ల తిట్టేది? కోడలు గిన్నెలు తోముకుంటా "సరే" అనింది. తోమిన గిన్నెనే మళ్ళా తోమింది.

ఆ కాలేజీలో మేడమ్ ఒగామె ఉండాది. ఇట్ల పెండ్లయినోళ్ళు, బిడ్డ తల్లులు, కూలికి పోతా చదివేవాళ్ళు చానామంది ఈ పాఠం దగ్గరే నిలిచిపోతా ఉండారని ఆమెకు బాధ. పాఠాన్నే మార్చేద్దామని పట్టు పట్టింది. ఎవురి ఊర్లో వాళ్ళే చేసుకోవచ్చు, కాలేజీ నుంచి ఇంకా అయిదారుగురు పిల్లలు తోడొస్తారు, గంటలు ఎప్పుడు వీలైతే అప్పుడు కలుపుకోవచ్చు. ఆమె లెక్క అది. ఆమె పైన ఒగ సారు ఉండాడు. ఆయన "సరే, ఒగ ఊర్లో చేసి చూపించు. పని అయిందని ఊరోళ్ళు నాతో చెప్పాల. అప్పుడు అందరికీ పెడతాము. లేకుంటే పాత సోగత్తూరే" అన్నాడంట.

ఆ ఒగ ఊరు మా ఊరయింది. కోడలు చెయ్యెత్తిందంట.

మేడమ్ సంచి తగిలించుకొని మా ఇంటికొచ్చింది. మా ఇంటి ముందర తిన్నె మీద కూచునింది. పక్కింటి అవ్వ కూడా వచ్చి కూచునింది. పక్కింటి అవ్వకు తెలీకుండా మా వీదిలో కోడి కూడా గుడ్డు పెట్టదు. మాటలన్నీ అరవంలోనే, నేను తెలుగులో చెప్తా ఉండాను.

"అమ్మా, మా పిల్లలు ఎప్పుడొస్తే మీకు వీలు?" అనడిగింది మేడమ్.

"ఎప్పుడన్నా రాండి మేడమ్. మీ ఇల్లే అనుకోండి" అన్నాను.

ఆమె నవ్వింది. "అట్లంటే నేను పాఠం ఎట్ల రాసేది? మీకు వద్దనే పూట ఏదో అది చెప్పండి ముందు."

అవ్వ మూతి తిప్పింది. "ఇంటికొచ్చేవాళ్ళను వద్దనే పూట అంటూ ఒగటుంటాదా? ఏం చదువులమ్మా మీవి!"

కోడలు నడిమధ్య వచ్చింది. "మేడమ్, వీళ్ళు చెప్పరు. నేను చెప్తా. ఇప్పుడు చింతపండు కాలం. పొద్దున నుంచి మద్దేనం దాకా ఒగరూ ఇంట్లో ఉండరు, ఉన్నా చేతులు ఖాళీ ఉండవు. మూడు గంటలకు పైన రావచ్చు. ఆదివారం మద్దేనం రావచ్చు. రాగికోత కాలంలో అసలు వద్దు."

మేడమ్ అన్నీ విని, ఆ లెక్కనే పెట్టింది. పని కూడా ఆడనే కుదిరింది. పాలవాడి అంటే చిన్నబిడ్డల అంగన్‌వాడి, దాని వెనకాల జాగా ముండ్లకంపతో నిండిపోయి ఉన్నింది. అది కొట్టేసి, మడులు కట్టి, బిడ్డల అన్నంలోకి ఆకుకూర, వంకాయ, మునగ ఎయ్యాల. ముందర కాలవ పూడుకుపోయింది, అది తియ్యాల. కాలేజీ పిల్లలు చేస్తారు, మా ఊరోళ్ళు చూపించాల. కోడలు ఆ పని దగ్గరుండి నడిపించాల. అది ఆమె పాఠం.

మేడమ్ పోతా పోతా నా చెయ్యి పట్టుకొని "అమ్మా, మీ ఊరు గెలిస్తే చానామంది ఆడపిల్లలు గెలుస్తారు" అనింది. నేను భయపడిపోయినాను.

ఆ భయంలోనే మేము చేసినాము ఆ పని.

పిల్లలు ఆదివారం వస్తారని తెలిసింది. శనివారం మా వీది ఆడోళ్ళమంతా తిన్నె మీద చేరినాము. అవ్వే మొదలుపెట్టింది. "టౌను పిల్లలు వస్తారు. ఆ ముండ్లకంప, ఆ కాలవ కంపు చూసి ఏమనుకుంటారు? వీళ్ళు ఇంత మురికోళ్ళా అనుకోరా?"

"నిజమే గదవ్వా" అన్నాము అందరం.

ఇంకేముంది, కొడవండ్లు, గడ్డపారలు, పొరకలు తీసుకొని పోయినాము. చీకటి పడేలోపల కంపంతా కొట్టి ఒగ మూల కుప్పేసినాము. కాలవ తీసినాము. ఊపు మీద ఉన్నామేమో, మడులు కూడా కట్టేసినాము. పేడనీళ్ళు చల్లి, ముగ్గేసి వచ్చినాము. కోడలు ఆ పొద్దు బిడ్డకు టీకా ఏయించేదానికి పెన్నాగరం పోయింది. పొద్దుపోయి వచ్చి, అలసిపోయి పండుకునింది. తెల్లారి పాలవాడి దగ్గరికి పోయి చూసి, నడుం మీద చెయ్యి పెట్టుకొని నిలబడింది.

"అత్తా, ఏమిది?"

"బాగుండాదా?" అన్నాను. నాకు గర్వంగానే ఉన్నింది.

"వాళ్ళు వచ్చి ఏమి చెయ్యాల ఇప్పుడు?"

"చుట్టాలు వస్తే ఏమి చేస్తారో అదే చేస్తారు."

పిల్లలు వచ్చినారు. నలుగురు ఆడపిల్లలు, ఇద్దరు మొగపిల్లలు. చేతులకు తొడుగులు, నెత్తికి టోపీలు, కొత్త పొరకలు. ఊడ్చేదానికి ఒగ ఆకు లేదు. ముగ్గు మీద కాలు పెట్టేదానికి వాళ్ళకే భయం. ఒగ మొగపిల్లోడు పార తీసుకొని మడిని కొంచం కెలికినాడు. అవ్వ వాని చేతిలో పార లాక్కునింది. "నాయనా, కాళ్ళకు మట్టయితాది. రా, నీడలో కూచో."

కూచోబెట్టినాము. సంగటి, ఊరిబిండి, మునగాకు కూర, పైన మజ్జిగ. ఒగామె వడలు కూడా కాల్చి తెచ్చింది. ఎవురింట్లో తినకుంటే వాళ్ళకు కోపం కాబట్టి ఆ పిల్లలు మూడిండ్లలో తినినారు. బస్సెక్కేటప్పుడు ఒగ పిల్ల వంగలేకపోయింది.

ఇట్ల ఒగసారి కాదు. ప్రతిసారీ ఇదే. విత్తనాలు వాళ్ళు తెస్తే మేము లాక్కొని చల్లేస్తిమి. నీళ్ళు పోస్తామంటే బిందె ఇయ్యం. కోడలు మొత్తుకునేది. "అత్తా, వాళ్ళను చెయ్యనీ. చేస్తేనే వాళ్ళకు మార్కులు, నాకు మార్కులు."

"చెయ్యలేదని మేమెవురికన్నా చెప్తామా?" అన్నాను. "ఎవురడిగినా మంచి పిల్లలని చెప్తాము. ఇంకేమి కావాల?"

చెట్లు బాగానే వచ్చినాయి. ఆకుకూర పాలవాడి బిడ్డలు తినేస్తానే ఉన్నారు. నాకు అంతా బాగున్నట్లే ఉన్నింది.

అప్పుడు సారు వచ్చినాడు, మేడమ్‌తో. మంచి మనిషే. చెప్పులు బయట ఇడిచి తిన్నె మీద కూచున్నాడు, మజ్జిగ ఇస్తే తాగినాడు. ఆడోళ్ళమంతా చుట్టూ నిలబడితిమి. కోడలు బిడ్డను ఎత్తుకొని తలుపు దగ్గర నిలబడింది.

"అవ్వా, మా పిల్లలు పని బాగా చేసినారా?" అన్నాడు సారు.

అవ్వ ఎదురొమ్ము మీద చెయ్యి పెట్టుకునింది. "అయ్యో సారూ! ఏం మాట! ఇంటికొచ్చిన బిడ్డలకు మేము పని పెడతామా? ఒగ పుల్ల ఎత్తనిచ్చినామా అడగండి!"

పక్కనామె అందుకునింది. "మడులు మేమే కట్టినాము సారూ. కాలవ మేమే. మీ బిడ్డల చేతికి మట్టి అంటనీలేదు."

"ఒగ దినం కూడా ఆకలితో పంపలేదు" అనింది వడలామె.

నేను కూడా ఏదో అనింటాను. ఏమన్నానో గుర్తులేదు. అందరమూ పోటీ పడినాము, మా ఊరి మర్యాద సారుకు తెలియాలని. మేడమ్ మొకం చూసినాక నోరు మూసుకున్నాను. ఆమె తల వంచుకొని తన కాళ్ళే చూసుకుంటా ఉన్నింది. తిరిగి చూస్తే తలుపు దగ్గర కోడలు లేదు. లోపలికి పోయింది.

సారు మజ్జిగ లోటా కింద పెట్టినాడు. "అమ్మా, మీరు మంచోళ్ళు. నేను ఏమీ అనలేను. అయితే పిల్లలు పని చెయ్యలేదంటే నేను గంటలు ఎట్ల ఇచ్చేది? రేపు నన్ను పైవాళ్ళు అడగతారు."

మేడమ్ ఏదో చెప్పబోయింది. ఆయన "చూద్దాం మేడమ్, కాలేజీలో మాట్లాడదాం" అన్నాడు. చూద్దాం అంటే ఏమో మాకు తెలుసు. మేమూ కాదనలేనప్పుడు అదే చెప్తాము.

వాళ్ళు పోయినాక లోపలికి పోతే కోడలు బిడ్డకు తల దువ్వుతా ఉన్నింది. బిడ్డకు ఉండేది నాలుగు వెంట్రుకలు. "పోనీలే అత్తా" అనింది. ఆ మాటే నాకు అన్నం దిగనియ్యలేదు. నన్ను రెండు తిట్టింటే బాగుండు.

మర్నాడు తెల్లారకముందే అవ్వ వాకిట్లో నిలబడి కేకేసింది. "ఏమే, మరిసిపోతివా? ఈ పొద్దు మా ఇంటికి నీ ముయ్యి!"

ముయ్యి అంటే మాలో పాత అలవాటు. ఈ పొద్దు నేను నీ చేనికి వస్తే, రేపు నువ్వు నా చేనికి రావాల. కూలి లేదు, మర్యాదలు లేవు. పనికి పని. ముందు వారం అవ్వ మా చింతపండు కొట్టేదానికి వచ్చింది. ఇప్పుడు నా వంతు. నాకు మంచం మీద నుంచి లెయ్యబుద్ధి కాలేదు. తల బరువుగా ఉన్నింది.

"అత్త పండుకోనీ అవ్వా. నేనొస్తా" అనింది కోడలు. బిడ్డను నా పక్కన పండుకోబెట్టి పోయింది.

మద్దేనం అయింది, రాలేదు. సాయంత్రం వచ్చింది. వేళ్ళు నల్లగా, నడుం పట్టుకొని, జుట్టులో చింతనార. తిన్నె మీద కూలబడింది. బిడ్డ దేకుతా పోయి ఒళ్ళో ఎక్కింది.

"ఆ ముసలిది మనిషా అత్తా!" అనింది. "నీళ్ళు తాగేదానికి లేస్తే, 'ఏమే, కూచున్న జాగాలో ముండ్లుండాయా' అంటాది. గింజ ఒగటి పండులో ఉండిపోతే నా మొకం మీదే ఇసిరింది. రాయి మీద సుత్తి గట్టిగా పడితే గింజ నలిగిందంటాది, మెల్లగా కొడితే నిద్రపోతా ఉండావా అంటాది. మద్దేనం అన్నం కూడా పని పక్కనే పెట్టింది."

"ముయ్యంటే అంతే గదా" అన్నాను.

కోడలు తన నల్లటి వేళ్ళు అటూ ఇటూ తిప్పి చూసుకునింది. తర్వాత అడిగింది.

"అత్తా, నేను కాలేజీ పిల్లనే గదా?"

"అయితే?"

"ఇదే అవ్వ నా తోటిపిల్లల చేతిలో పార లాక్కునింది. కాళ్ళకు మట్టయితాదని నీడలో కూచోబెట్టింది. నాకు మాత్రం నీళ్ళకు లెయ్యనియ్యలేదు. ఎందుకు?"

"నువ్వు ముయ్యికి పోయినావు. వాళ్ళు ఇంటికొచ్చినారు."

"అదే నేననేది" అని లేచింది. నడుం నొప్పి యాడ పోయిందో! ఫోను తీసుకొని మేడమ్‌కు కొట్టింది. నేను తలుపు దగ్గర నిలబడి వింటా ఉన్నాను. "మేడమ్, సేవకని వస్తే మా ఊరోళ్ళు మిమ్మల్ని చచ్చినా చెయ్యనియ్యరు. సేవ అనే మాటే తీసేయండి. ముయ్యికి రాండి. పిల్లలు ఒగ పూట మా వాళ్ళ పని చెయ్యాల, మా వాళ్ళు ఒగ పూట కాలేజీకొచ్చి కాలేజీ పని చెయ్యాల. అప్పుడు ఎవురూ చుట్టం కాదు."

అవతల మేడమ్ ఏమనిందో వినపడలేదు. కోడలు మాత్రం "ఆఁ... ఆఁ... హాస్టలు వెనకాల చింతచెట్లుండాయి గదా మేడమ్" అనింది. మళ్ళా "మా అత్త వస్తాది" అనింది. నన్నడగనే లేదు.

మేడమ్ పాఠాన్ని మళ్ళా రాసిందంట. సారుతో వాదించి ఇంకొక్కసారి చూసేదానికి ఒప్పించిందంట. అయితే ఆయన ఒగ మాటన్నాడు. ఈసారి చెప్పకుండా వస్తాను, వాళ్ళ ఊరోళ్ళనే అడగతాను, అప్పుడూ అదే జవాబు వస్తే ఇంక నన్నడగొద్దు, అని.

అవ్వకు చెప్పేదానికి పోయినాము. ముందు ఒప్పుకోలేదు. "టౌను పిల్లలతో ముయ్యా? వాళ్ళు తిరిగి ఏమి చేస్తారు మనకు?"

"వాళ్ళు నీకు చింతపండు కొడతారు. నువ్వు వాళ్ళ హాస్టలుకు చింతపండు కొట్టాల" అనింది కోడలు.

"కాలేజీకి పోయేదా? లోపలికా?"

"లోపలికే."

అవ్వ ముక్కుపుడక తిప్పుకునింది. ఆమె పుట్టినాక కాలేజీ గేటు లోపలికి పోలేదు. "సరి. ముయ్యి అంటే ముయ్యే. తర్వాత ఏడిస్తే నాకు తెలీదు" అనింది.

పిల్లలు వచ్చినారు, అదే ఆరుగురు. వడల కోసం అటూ ఇటూ చూసినారు పాపం. వడలు లేవు. పొద్దున ఏడుకంతా అవ్వ వాకిట్లో కూచోబెట్టింది. మేడమ్ ఆ పొద్దుకు వాళ్ళను ముందు రాత్రే పాలవాడిలో పండుకోబెట్టింది, ఏడుకు రావాలంటే వేరే దారి లేదని. ముందర చింతకాయల కుప్ప. ఒగొగరికి ఒగ రాయి, ఒగ సుత్తి. పెంకు తియ్యాల, నార లాగాల, కొట్టి గింజ తియ్యాల. వాళ్ళ వేళ్ళు జిగురుతో అంటుకుపోయినాయి. ఒగ పిల్ల బొటనవేలు మీద కొట్టుకొని "అమ్మా!" అనింది. నా చేతులు లేచినాయి, పోయి దాని సుత్తి తీసుకుందామని. కోడలు నా కొంగు పట్టుకొని లాగింది.

"అత్తా. కూచో."

కూచున్నాను. కూచునేది అంత కష్టమని నాకు తెలీదు.

మొగపిల్లోడు, మొదటి దినం మడి కెలికినోడు, పక్కనోనితో ఫోను చూపించుకుంటా నవ్వినాడు. అవ్వ పెంకు తీసి వాని మీద ఇసిరింది. "ఒరే పొడుగోడా! నీ ముయ్యి సగమే అయింది. ఆ నవ్వు మీ ఇంటికి పోయి నవ్వుకో."

"అవ్వా, నడుం నొప్పి!"

"నడుమంటూ ఉంటే గదా నొప్పి. తోటకూర కాడ మాదిరి ఉండావు."

అందరూ నవ్వినారు, వాడూ నవ్వినాడు. ఆ నవ్వులోనే సారు వచ్చి నిలబడినాడు. ఎవురూ చూడలేదు. నేను చూసినాను. లేచి కుర్చీ తెద్దామనుకున్నాను. కోడలు నా కొంగు ఇంకా వదల్లేదు.

సారు నేరుగా అవ్వ దగ్గరికి వచ్చినాడు. "అవ్వా, మా పిల్లలు పని ఎట్ల చేస్తా ఉండారు?"

నేను కండ్లు మూసుకున్నాను. అవ్వకు మళ్ళా మర్యాద గుర్తొచ్చిందంటే అయిపోయినట్లే.

అవ్వ తలెత్తలేదు. సుత్తి ఆపలేదు. "పనా? ఇదీ ఒగ పనా సారూ? చూడండి ఇది!" అని పొడుగోని చాటలో నుంచి పిడికెడు చింతపండు తీసి ఆయన చేతిలో పెట్టింది. "గింజంతా దీంట్లోనే ఉండాది. రసం పెడితే పండ్లూడిపోతాయి. ఈ పిల్ల కొంచం పరవాలేదు, అయితే చెయ్యి నత్త. ఆ పక్కది నార తియ్యదు, ఎన్నిసార్లు చెప్పినా తియ్యదు. ఇట్ల కొడితే నాకు ముయ్యి తీరినట్లా? మిగిలిన కుప్ప ఎవురు కొడతారు, మీరా?"

ఆడోళ్ళందరూ అందుకున్నారు. ఒగొగరు ఒగొగ తప్పు. ఆ పిల్ల మాటలెక్కువ. ఈ పిల్లోడు పెంకులు వీదంతా పారేస్తా ఉండాడు. పొద్దున లేపితే బిరిన్నే లెయ్యలేదు, పండ్లు తోముకుంటా నిలబడినారు. సారు చేతిలో చింతపండు అంటుకొని కారతా ఉండాది. ఆయన మేడమ్ తట్టు చూసినాడు. మేడమ్ పెదవి కొరుక్కుంటా నవ్వు ఆపుకుంటా ఉన్నింది.

"మేడమ్" అన్నాడు సారు, "పిల్లలు పని చేస్తా ఉండారు."

అంతే ఆయన అనింది. కోడలు నా కొంగు వదిలింది. చూస్తే కొంగు అంచు నలిగిపోయి, నల్లటి వేలి గుర్తులు. ఆ చీర నేను మళ్ళా ఉతికినాను, గుర్తులు పూర్తిగా పోలేదు. పోకున్నా పరవాలేదు.

తర్వాత మా వంతు. ముయ్యి అంటే ముయ్యే గదా. మా వీది ఆడోళ్ళమంతా మంచి చీరలు కట్టుకొని ధర్మపురి బస్సెక్కినాము. అవ్వ తన సుత్తి తనే కొంగులో చుట్టుకొని తెచ్చుకునింది, వేరే సుత్తి చేతికి పడదంట. కాలేజీ గేటు దగ్గర కావలాయన ఎవురు మీరు అన్నాడు. "ముయ్యికొచ్చినాము" అనింది అవ్వ. ఆయనకు ఏమీ అర్థం కాలేదు, అయినా ఆమె మొకం చూసి గేటు తీసినాడు.

హాస్టలు వెనకాల చింతచెట్ల కింద కూచున్నాము. పిల్లలు కాయలు రాల్చి పెట్టినారు. పొడుగోడు నాకు నీళ్ళు తెచ్చిచ్చినాడు. "వద్దులే నాయనా" అనబోయి తీసుకున్నాను. ఆ పొద్దు మేము చుట్టాలం కాదు గదా, దప్పికయింది, తాగినాను. ఒగ పిల్ల నా పక్కన కూచొని "ఆంటీ, మీరు చానా మెల్లగా కొడతా ఉండారు" అనింది. అవ్వ చేసినట్లే మూతి తిప్పుకుంటా అనింది. అందరూ పగలబడి నవ్వినారు.

లోపల ఒగ గదిలో కోడలు, ఆ పిల్లలు, తాము ఏమి నేర్చుకున్నారో చెప్పాల. అది చివరి పని. నేను పోలేదు. బిడ్డ నా ఒళ్ళో చింతపెంకుతో ఆడుకుంటా ఉన్నింది. కిటికీలో నుంచి కోడలి గొంతు మాత్రం వినపడతా ఉన్నింది, మాటలు తెలీలేదు. ఆ గొంతులో వణుకు లేదు. మధ్యలో లోపల అందరూ నవ్వినారు. వడల కత చెప్పిందేమో.

బయటికొచ్చినప్పుడు మేడమ్ దూరం నుంచే నాకు చెయ్యి ఊపింది, అయిపోయిందని. కోడలు నా దగ్గరికి వచ్చింది. కింద కూచొని నా సుత్తి తీసుకొని నా కుప్పలో నుంచి కొట్టేది మొదలుపెట్టింది. నేను వద్దనలేదు.

సారు కూడా వచ్చి నిలబడినాడు. వచ్చే ఏడు నుంచి అందరికీ ఇదే పాఠం, ఎవురి ఊర్లో వాళ్ళకు వీలైన గంటల్లో, అని చెప్పినాడు. అవ్వ ఆయన్ను కింద నుంచి పైదాకా చూసింది.

"సారూ, మీరు కూడా ఒగ దినం మా ఊరికి రాండి."

"విందుకా అవ్వా, ముయ్యికా?"

"విందుకైతే ఎప్పుడన్నా రాండి. ముయ్యికైతే ఆ తెల్లచొక్కా ఏసుకొని రావద్దు."

సాయంత్రం బస్సులో అవ్వ వాళ్ళు ముందర కూచొని ఆ హాస్టలు వంటిల్లు ఎంత పెద్దదో చెప్పుకుంటా ఉన్నారు. కోడలు నా పక్కన కిటికీ దగ్గర. కొడుక్కు ఫోను చేసి చెప్పింది. వాడు అవతల ఏదో అరిచినాడు, సంతోషంగానే. ఫోను పెట్టేసి రెండు నిముషాలు కాలేదు, నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది, నోరు తెరుచుకొని. బిడ్డ నా ఒళ్ళో నిద్ర. ఇద్దరి చేతులూ చింతపండు వాసన.

పెన్నాగరంలో బస్సు మారాల. దిగే జనమంతా దిగేదాకా లేపకుండా కూచున్నాను. అవ్వ కింద నుంచి కిటికీ మీద కొట్టింది. "ఏమే, దిగరా?"

"ఉండవ్వా, ఇంకొంచం పండుకోనీ" అన్నాను.